రెండు రెమ్మల నష్టం

తిరుపతిలో మిద్దె మీద కరివేపాకు కుండీ పెట్టుకున్న ఇంటికి నిమ్మ సీతాకోకచిలుక రాక తప్పదు. నిమ్మ, మారేడు, కరివేపాకు ఒకే కుటుంబం. లేత చిగురు కనబడితే చాలు, గుడ్డు పెట్టి పోతుంది. పిల్ల పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజ ఎరుపు కొమ్ములు రెండు చాచి ఘాటైన వాసన వదులుతుంది. ప్రాణం కాపాడుకోవడానికి దాని దగ్గరున్నది అంతే. చూస్తుండగానే రెమ్మకు ఈనెలే మిగులుతాయి.

దీన్ని చంపాలా? మదనపల్లె టమాటా రైతును ఇలాంటి ప్రశ్న అడగకూడదు. కాయతొలుచు పురుగు పడితే ఆయనకు పంటతోపాటు అప్పు తీర్చే దారి కూడా పోతుంది. ఆయనకు జీవకారుణ్యం బోధించే హక్కు మనకు లేదు. మిద్దె మీద మనకు పోయేది రెండు రెమ్మలు. నష్టం భరించగలిగిన చోటే దయకు వీలు దొరుకుతుంది. ఆ వీలుండి కూడా మందు కొట్టడానికి నాకు మనసొప్పదు. పైగా ఆ ఆకు కోసి, కడిగి, నేరుగా తిరగవాతలో వేసేదే కదా.

అన్నిటికీ ఇదే న్యాయం చెల్లదు. పిండినల్లిని వదిలేస్తే తీర్థంలో వేసే తులసి మొక్కే ఎండిపోతుంది. లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి పొద్దువాలాక చల్లుతాను. వేపలోని అజాడిరక్టిన్ ఎండకు నిలవదు, మన సీమ ఎండకు మరీను. 1959లో సూడాన్‌లో మిడతల దండు వేపను మాత్రం ముట్టకపోవడం చూసి జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముటరర్ దాని మీద పరిశోధన మొదలుపెట్టారు. వేప చాలా పురుగులకు తిండి సహించనివ్వదు, కుబుసం విడవనివ్వదు. అందుకే మెల్లగా చంపుతుంది. మెల్లగా చంపడం దయ అని నేననుకోను. చంపుతున్నానని తెలిసే చల్లుతాను.

పేనుబంక దగ్గర మాత్రం ముందు వంగి చూడాలి. దాని మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, గరుకుగా పాకేది అక్షింతల పురుగు పిల్ల. ఎర్రగా ముద్దుగా ఉండే తల్లిని వదిలేసి, చూడ్డానికి బాగాలేదని పిల్లను నలిపేస్తారు చాలామంది. పేనుబంకను కరువుదీరా తినేది ఆ పిల్లే. అది కనబడిన కుండీలో నేనేమీ చల్లను, చీమల దారి మాత్రం తెంపుతాను. పేనుబంక విసర్జించే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తూ అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి.