మనసు రాని మంచం దగ్గర

చిన్నమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. కొందరు పేషెంట్ల మీద జాలి కలగడం లేదనీ, నర్సు పనికి పనికిరానేమోననీ రాశావు. ఆ బెంగ నాకూ ఉండేదమ్మా. ఎవరికీ చెప్పుకోలేదు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో వార్డులో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. దగ్గరికెళ్తే తిట్లే. ఆడవాళ్ల వైపు ఓ అవ్వ, నన్ను చూస్తే చాలు ‘నా తల్లే’ అనేది. ఆవిడకి తల దువ్వేదాన్ని, కబుర్లు చెప్పేదాన్ని. ఆయన్నేమో రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఓ నైట్ డ్యూటీలో ‘తర్వాత తిప్పుదాంలే’ అనుకుంటూ తెల్లవార్చాను. పొద్దున చూస్తే నడుము కింద చర్మం ఎర్రగా కందిపోయింది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదు. అంటే బెడ్‌సోర్ మొదలైందన్నమాట. రెండింటికి, నాలుగింటికి పక్క మార్చినట్టు ఛార్టులో ఉంది. రాసింది నేనే.

ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కోపం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. అవ్వ మీద నాకున్నది ప్రేమే అనుకున్నాను గానీ, నేను వెళ్లింది ఆవిడ మెప్పు కోసం.

అంతర్జాతీయ నర్సుల మండలి 1953లోనే మనకో నీతి నియమావళి ఇచ్చింది. జాతి, మతం చూడకుండా సేవ చేయాలని మనం చదువుకున్నాం. నోటి దురుసు కూడా చూడకూడదని నాకా పెద్దాయన నేర్పాడు. జాలి దానంతటది కలిగితే మంచిదే. కలగకపోతే చేతులతో మొదలుపెట్టు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో ఎంత చిన్న సంగతులు పట్టించుకుందో చూడు. రోగి తల తిప్పే పని లేకుండా కనపడేచోట కూర్చుని మాట్లాడమంది. గదిలో గుసగుసలు వద్దంది. నాకు తెలిసిన దయ అలాంటిదే.

రేపు డ్యూటీ ఎక్కగానే మనసు రాని మంచం దగ్గరికే ముందు వెళ్లు. స్క్రీన్ వెయ్యి. చేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక ముట్టుకో. ఏం చేయబోతున్నావో పేరు పెట్టి పిలిచి చెప్పు. చేయలేకపోయింది చేసినట్టు మాత్రం రాయకు తల్లీ.

ఆ రాత్రి తర్వాత ఆ పెద్దాయన్ని ఒక్కసారి కూడా మానకుండా తిప్పాను. డిశ్చార్జి అయ్యేదాకా తిడుతూనే ఉన్నాడు. ఆ ఎరుపు మాత్రం పుండు కాలేదు.

వేళకి తింటున్నావా? జవాబు రాయి.

మీ పెద్దమ్మ