ఎందుకైనా మంచిది, కానీ ఎవరికి?

మన ఇళ్లల్లో ప్రయాణానికి సంచి సర్దేటప్పుడు తప్పకుండా వినిపించే మాట: "ఎందుకైనా మంచిది, పెట్టుకో." ఇంకో దుప్పటి, ఇంకో జత బట్టలు, అరకిలో జంతికలు, అన్నీ ఈ మాట మీదే సంచిలోకి చేరతాయి. రైల్లోనో కార్లోనో వెళ్తే పర్వాలేదు, మోసేది ఇంజను. మోసేది మనిషైనప్పుడే ఈ మాటలో ఒక నైతిక ప్రశ్న ఉందని తెలుస్తుంది. కనూలో వెళ్లే క్యాంపింగ్ అలాంటి ప్రయాణం.

అమెరికాలో మిన్నెసోటా ఉత్తరాన, కెనడా సరిహద్దు వెంబడి బౌండరీ వాటర్స్ అనే అరణ్యం ఉంది. దాదాపు 11 లక్షల ఎకరాలు, వెయ్యికి పైగా సరస్సులు. చాలా భాగంలో మోటారు పడవలకి అనుమతి లేదు, తెడ్డు వేసుకుంటూ పోవాల్సిందే. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పడవనీ సామాన్లనీ భుజాన వేసుకుని అడవిబాటలో నడవాలి. దీన్ని పోర్టేజ్ అంటారు. ఈ బాటల్ని ఇప్పటికీ రాడ్లలో కొలుస్తారు. ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, ఇంచుమించు ఒక కనూ పొడవు. 160 రాడ్లంటే అర మైలు, సుమారు 800 మీటర్లు. సామానంతా ఒకే విడతలో మోస్తే నడక అంతే. రెండు విడతలైతే, మధ్యలో ఖాళీ చేతులతో వెనక్కి రావడంతో కలిపి, మూడు రెట్లు. మూడు విడతలైతే ఐదు రెట్లు, అంటే 4 కిలోమీటర్లు. ఒక్క "ఎందుకైనా మంచిది" చాలు, రెండు విడతలు మూడు కావడానికి. ఆ మూడో విడత నడిచేది ఆ వస్తువు తెచ్చినవాడే కానక్కర్లేదు. ఓపిక ఎక్కువున్నవాడో, మొహమాటం ఎక్కువున్నవాడో నడుస్తాడు.

అయితే తక్కువ తెచ్చుకుంటే సరి కదా? మినిమలిజం చెప్పేదీ అదే. దానికి అందరూ సాక్ష్యంగా పిలిచేది థోరోని. కానీ ఆయన పోయాక 1864లో వచ్చిన 'ది మెయిన్ వుడ్స్' చివర్లో సామాన్ల జాబితా ఒకటుంది. ఇద్దరు మిత్రులు, ఒక ఆదివాసీ గైడు, 12 రోజులు: 28 పౌండ్ల గట్టి రొట్టె, 16 పౌండ్ల పంది మాంసం, 12 పౌండ్ల పంచదార, చివరికి ఆరు నిమ్మకాయలు కూడా. అదే పుస్తకంలో, 1857 ప్రయాణంలో వాళ్ల వెంట వచ్చిన పెనాబ్‌స్కాట్ గైడు జో పోలిస్ సామాను చూడండి: గొడ్డలి, తుపాకీ, చేత్తో పట్టుకొచ్చిన దుప్పటి, కాస్త పొగాకు, ఓ కొత్త పైపు. అసలు మినిమలిస్టు ఈయనే అనిపిస్తుంది. కానీ ఆయనకి అడవి తెలుసు. పోర్టేజ్‌ల దగ్గర కనూ మోసింది ఆయనే. తిండి మాత్రం ఉమ్మడి మూటల్లోదే.

అంటే సంచి తేలికవడానికి దారులు రెండు: మనకి తెలిసిన విద్య, లేదా పక్కవాడి సంచి. రెండోదాన్ని మొదటిదిగా చూపించుకోవడం చాలా సులువు. "నేను లైట్‌గా వచ్చాను బ్రో" అన్నవాడే వాన మొదలవగానే "ఎక్స్‌ట్రా జాకెట్ ఉందా?" అంటాడు. ఎక్కువ తెచ్చినవాడు తన భయాన్ని ఇతరుల భుజాలకెత్తితే, తక్కువ తెచ్చినవాడు తన నిర్లక్ష్యాన్ని ఎత్తుతున్నాడు. నాకు ఈ రెండూ ఒకే తప్పులా కనిపిస్తాయి.

అందుకే "ఇది పనికొస్తుందా?" అన్నది సరైన ప్రశ్న కాదు. ప్రపంచంలో ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. అడగాల్సినవి రెండు: ఇది లేకపోతే నష్టం ఎవరికి? ఉంటే మోత ఎవరికి? అదనపు తెడ్డు, మ్యాపు, మందుల పెట్టె: ఇవి లేకపోతే నష్టం అందరికీ, కాబట్టి మోత కూడా అందరిదీ. మడత కుర్చీ సుఖం ఒక్కడిది, మోత కూడా ఆ ఒక్కడిదే కావాలి. గాజు సీసాలు అక్కడ నిషిద్ధం కాబట్టి ఆవకాయ సీసా సంగతి నిబంధనే తేల్చేసింది. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చిన ఆవకాయ సంగతి మనమే తేల్చుకోవాలి.

అలాగని మోతని తలా ఇంత అని తూకం వేసి పంచితే న్యాయం జరిగినట్టు కాదు. నడుం నొప్పి ఉన్నమనిషికి మందపాటి పరుపు విలాసం కాదు. ఆమె అది వదిలేసి రావడం కంటే, మిగతావాళ్లు ఆమె వాటా బియ్యం పంచుకోవడం మేలు. కానీ దానికి ఆమె ముందు చెప్పాలి. బయల్దేరే ముందురోజు రాత్రి సామానంతా నేల మీద పరిచి, ఒక్కో వస్తువూ ఎందుకో అందరి ముందూ చెప్పుకోవడం బరువు తగ్గించుకోవడానికే అనుకుంటాం. నిజానికి అక్కడ బయటపడేవి మన భయాలు. చీకటంటే భయమని, ఆకలికి ఆగలేనని, నడుం సహకరించదని పైకి చెప్పాలి. బరువు మోయడం కంటే కష్టమైన పని అదే. చెప్పకుండా సంచి అడుగున దాచి తెస్తే, ఇంకొకరు తమకి తెలియకుండానే మోస్తారు.

తిరిగొచ్చాక, వాడనివన్నీ పక్కన పెట్టి ఈసారికి మానేయండి అంటారు అనుభవజ్ఞులు. మంచి సలహానే, కానీ అన్నిటికీ పనికిరాదు. సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడూ అవసరం పడని బ్యాకప్‌ని ఎవరూ వృథా అనరు. కట్టు విప్పని మందుల పెట్టె, కట్టు విప్పని మూడో జత బట్టలు, రెండూ వాడకుండానే ఇంటికొస్తాయి. మొదటిదాన్ని మోసినవాడికి కృతజ్ఞత చెప్పాలి. రెండోదాన్ని మోసినవాడికి, అది మనది అయితే, క్షమాపణ చెప్పాలి.