ఇద్దరు రాక్షసులు, ఒకే స్వామి

ఓం నమో నారసింహాయ.

ఈసారి వీడియోలో అహోబిలం నవ నరసింహులను దర్శించుకున్నాం కదా. అక్కడ చెప్పలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను.

మా పెదనాయనది ఆళ్ళగడ్డ. నాలుగేళ్ల కిందట ఆయనకు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ బయటపడింది. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై, కణాలు పెరిగే స్విచ్ ఆఫ్ కాకుండా ఉండిపోవడమే ఈ జబ్బు. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర ఆ స్విచ్‌ని ఆపుతుంది. రోజూ అది వేసుకుంటూ పెదనాయన పొలం పనులు కూడా చూసుకునేవాడు.

మొన్న వేసవిలో మెడ మీద గడ్డ లేచింది. నంద్యాలలో డాక్టర్ బయాప్సీ చేయించమన్నారు. సీఎంఎల్ ముదిరినా అలా గడ్డ రావచ్చు, అది వేరే జబ్బైనా కావచ్చు. పరీక్షలో సీఎంఎల్ గుర్తయిన బీసీఆర్-ఏబీఎల్ జన్యువు ఆ గడ్డలో లేదు. అది లింఫోమా. ఒకే ఒంట్లో రెండు క్యాన్సర్లు. చాలా అరుదు.

పెదనాయన మాత్రల డబ్బా పక్కన పడేశాడు. "ఏ జన్మలో ఏం పాపం చేసినానో రా. ఇంక స్వామి మీదే భారం" అన్నాడు.

ఆయన్ని ఎగువ అహోబిలం తీసుకెళ్లాను. దర్శనమయ్యాక మెట్ల మీద కూర్చుని అడిగాను. "పెదనాయనా, ప్రహ్లాదుడికి విషం పెట్టారు, కొండ మీంచి తోశారు. ఆ పసివాడు ఏం పాపం చేశాడు?"

ఆయన మాట్లాడలేదు.

"హిరణ్యాక్షుడు, హిరణ్యకశిపుడు ఒకే తల్లి బిడ్డలు. అయినా ఒకడి కోసం స్వామి వరాహమయ్యాడు, ఇంకొకడి కోసం నరసింహుడయ్యాడు. ఆ వాగు వెంబడి పైకెళ్తే వరాహ నరసింహుడు కూడా ఉన్నాడు. రాక్షసుడు మారితే స్వామే రూపం మార్చుకున్నాడు. మనం మందు మార్చుకోకూడదా?"

ఇమాటినిబ్ ఒక్కటే లింఫోమాను ఆపలేదు. దానికి కీమో కావాలి. అలాగని సీఎంఎల్‌ని వదిలేయకూడదు. ఏ మందు ఎప్పుడు, ఎంత అన్నది డాక్టర్లే చూడాలి.

ఫ్రెండ్స్, భారం స్వామి మీద వేయడమంటే చేయాల్సింది మానేయడం కాదు. ఎన్ని కష్టాలొచ్చినా ప్రహ్లాదుడు ఒక్కరోజు కూడా నామం మానలేదు. వేళకు వేసుకునే మాత్ర కూడా అలాంటి నిష్ఠే.

ఇంటికొచ్చాక పెదనాయన మెల్లగా అన్నాడు: "ఆ డబ్బా యాడ పడేసినానో చూడు నాయనా."

ఇప్పుడు కీమో నడుస్తోంది. ఫలితం స్వామి చేతిలో ఉంది. మీ పూజలో ఆయన కోసం కూడా ఒక్కసారి దండం పెట్టండి.

జై నరసింహ.