ఒక ఉత్తరం, రెండు కంప్యూటర్లు

హాల్లో డెస్క్‌టాప్, పడగ్గదిలో లాప్‌టాప్, రెండింట్లోనూ ఒకే మెయిల్ ఖాతా. పొద్దున హాల్లో చదివేసిన ఉత్తరం రాత్రి లాప్‌టాప్‌లో అప్పుడే వచ్చినదానిలా ఎదురైతే ఎవరికైనా చిరాకే. ఆ చిరాకు వెనక మన దార్శనికులు శతాబ్దాలపాటు వాదించుకున్న ప్రశ్న ఉంది. అక్కడున్నదీ ఇక్కడున్నదీ ఒకటా, రెండా?

రెండని, మెయిల్ దించుకునే పాప్ పద్ధతి జవాబు. 1984లో తొలిరూపం తీసుకున్న ఈ ప్రోటోకాల్‌కు సర్వర్ అంటే పోస్టాఫీసు. ఉత్తరం ఇంటికి చేరాక అక్కడ దానికి పని లేదు. సర్వర్‌లో ఒక కాపీ ఉంచమంటే రెండో కంప్యూటరూ దించుకుంటుంది. అయితే ఆపైన ఏ కాపీ బతుకు దానిదే. ఒకదాన్ని చదివినా చెరిపినా రెండోదానికి తెలియదు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులకు ఇందులో చిక్కేమీ లేదు. వ్యక్తులు వేరు, జాతి ఒక్కటి. కుండ పగిలినా కుండతనం పోదు.

1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్ వేరే దారి పట్టింది. ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, ఇంట్లో కంప్యూటర్లు దాన్ని చూపిస్తాయి. చదివారా, జవాబిచ్చారా అన్న గుర్తులూ అక్కడే ఉంటాయి. అద్వైతంలో వివరణ సంప్రదాయం చెప్పిన బింబ ప్రతిబింబ వాదం ఇక్కడ గుర్తుకు రాక మానదు. అద్దంలోని ముఖం అసలు ముఖం కన్నా వేరు కాదని ఆ వాదం. ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది. అద్దం మీద మరక పడితే ముఖానికి అంటదు. ఐమ్యాప్‌లో అంటుతుంది. లాప్‌టాప్‌లో ఉత్తరం తొలగించి చెత్తబుట్ట ఖాళీ చేస్తే సర్వర్‌లో పోతుంది, ఆ వెంటే హాల్లోనూ మాయమవుతుంది. ప్రతిబింబమే బింబాన్ని చెరిపేస్తోంది!

అసలు ఐమ్యాప్ ఉత్తరాన్ని గుర్తుపట్టేది అందులోని మాటలను బట్టి కాదు. ఫోల్డర్‌లో ప్రతి ఉత్తరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యలు ఇంకా చెల్లుతున్నాయని చెప్పే మరో సంఖ్య ఫోల్డర్‌కు ఉంటుంది. సర్వర్ ఈ రెండోదాన్ని మార్చిందంటే, ఉత్తరాల్లో ఒక్క అక్షరం మారకపోయినా, కంప్యూటర్ తన పాత లెక్కలన్నీ వదిలేసి అంతా కొత్తగా తెచ్చుకోవాలి.

మిళింద రాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పిన దీపం సంగతి, లెక్క తెగితే పోయే ఈ ఏకత్వానికి బాగా సరిపోతుంది. తొలిజాము జ్వాలా చివరిజాము జ్వాలా ఒకటీ కావు, వేరూ కావు. తెగకుండా సాగిన పరంపర అది. రెండు కంప్యూటర్లూ సర్వర్‌తో మాట కలుపుతున్నంతసేపే ఉత్తరం ఒకటి. నెట్ పోయాక ఒక్కోచోట ఒక్కోలా మార్చి చూడండి, అవి రెండైపోతాయి. ఈ తగవులో బౌద్ధుల మాటే సత్యానికి దగ్గర. ఏకత్వం వస్తువుకు పుట్టుకతో వచ్చింది కాదు, నిలుపుకుంటే నిలిచేది.

అలా నిలిపే ఏర్పాటు చేర్పును ఎంత నమ్మకంగా చేరవేస్తుందో చెరిపివేతనూ అంతే నమ్మకంగా చేరవేస్తుంది. కాబట్టి సింక్ అనే ఈ ఏర్పాటును భద్రత అనుకోవద్దు. దూరదేశంలోని పిల్లలు రాసినవి, ఇప్పుడు లేని పెద్దలు పంపినవి ఉంటే ఒక కాపీ తీసి, ఆ ఖాతాతో సంబంధం లేని డిస్కులో విడిగా దాచుకోండి.