బాపు ఎందుకు పలకలేదు?

మా బాపు పిలిస్తే పలికేటోడు కాదు. బెల్లంపల్లిలో మా ఇల్లంటే ఒక అర్ర, దాని వెనుక వంట చేసుకునే జాగ. అక్కడి నుంచి అవ్వ "బువ్వ తింటవా" అని అడిగితే అర్రల కూసున్న మనిషికి ఉలుకు లేదు, పలుకు లేదు. పదో తరగతి పాసయిన నాడు ఉరికొచ్చి గడప మీది నుంచే చెప్పిన. ఆయన గోడ దిక్కు చూసుకుంట బీడీ తాగుతనే ఉన్నడు. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. ఈ మనిషికి బొగ్గు తప్ప పెండ్లాం పిల్లలు పట్టరని తీర్పు ఇచ్చుకున్న. ఆ తీర్పు మీదనే పదిహేనేండ్లు బతికిన.

అదే మనిషి ఇంకోచోట పలకకపోతే మాత్రం నాకు హీరో అయిండు. 1985 దసరాకు మా ఊరికి పోయినం. కారంచేడు మారణకాండ జరిగి మూడు నెలలు దాటింది. బాపు కొత్త చెప్పులు తొడుక్కొని గడీ ముందర నుంచి నడుస్తున్నడు, నేను వెనుక. అరుగు మీది నుంచి దొర పిలిచిండు. ఒకసారి కాదు, మూడుసార్లు. బాపు తిరిగి చూడలేదు. "బాయిల పైసలు జూసి మాదిగోనికి మదమెక్కింది" అన్నడు దొర. నాకు ఒళ్లు పులకరించింది. 1991లో చుండూరు తర్వాత పెట్టిన ఒక సభలో దాని మీద కవిత చదివితే చప్పట్లు బాగ పడ్డయి. అవ్వ పిలిస్తే పలకకపోవడం నిర్లక్ష్యం, దొర పిలిస్తే పలకకపోవడం ధిక్కారం. దొర దాన్నే మదమన్నడు. ముగ్గురం మూడు పేర్లు పెట్టినం గాని బాపును ఎవలం అడగలేదు.

ఆయన రిటైరయినంక చెవి డాక్టరు దగ్గరికి తీసుకపోయిన. రెండు చెవులూ చాలావరకు పోయినయట. బాపు బాయిల డ్రిల్లు పట్టేది. 85 డెసిబెల్స్ దాటిన మోతల రోజుకు 8 గంటలు, ఏండ్ల తరబడి ఉంటే చెవి కొద్దికొద్దిగ చస్తది. ముందుగాల సన్నని శబ్దాలు పోతయి. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు పోయినా మోటు గొంతులు కొన్నాళ్లు అందుతయి. పోయింది మళ్ల రాదు.

"ఎందుకు చెప్పలే బాపూ" అంటే, "చెప్తే బాయి దిగనిస్తరా? మీరేం తింటరు?" అన్నడు. బాయిల చెవి లేనోని బతుకు ఎట్లుంటదో అప్పుడు తెలిసింది. కప్పును కర్రతో కొట్టి చూస్తరు. గట్టి కప్పు గణగణ మంటది, విడిపోయిన కప్పు డొల్లగ మోగుతది. ఆ తేడా పట్టుకున్నోడు బతుకుతడు. బాపు ఒక చేత్తో కర్ర కొట్టి, రెండో చెయ్యి కప్పుకు ఆనించి అదురును బట్టి తెలుసుకునేటోడట. మాకు కోపిష్టిగ కనబడ్డ మనిషి రోజూ అరచేత్తో ప్రాణం కాపాడుకొని ఇంటికి వచ్చిండు.

ఎదుటి మనిషి తప్పు చేస్తే వాని గుణం చూస్తం, మనం చేస్తే పరిస్థితి చూస్తం. లీ రాస్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1977లో ఇట్లాంటి పొరపాటుకు పేరు పెట్టి రాసిండు. నిజమే, కాని మన దగ్గర దీనికి కులం తోడయితది. వాళ్లల్ల ఒకడు ఆలస్యంగ వస్తే ఏదో పని పడ్డదంటరు. మనల్ల ఒకడు ఆలస్యమయితే వాడ మొత్తానికి సోమరితనం అంటగడతరు. 1946 చట్టం కింద వచ్చిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో 'అలవాటుగా గైర్హాజరు' అని ఒక నేరం ఉండేది. ఆ 'అలవాటు' అన్న ముక్కను చూడండి. జ్వరం, సావు, అప్పు, తాగుడు, భయం అన్నీ అందులో మాయమయితయి, ఒట్టి గుణమే మిగులుతది.

మనవాళ్ల గురించి మనమూ పొరపడతం. 1929లో అంబేడ్కర్ చాలీస్‌గావ్‌లో దిగితే అక్కడి అంటరానివాళ్లు ఆయన్ను గంటసేపు ఆపి గాని టాంగా తేలేదు. తీరా ఎక్కితే తోలేటోనికి తోలడమే రాదు. ఇదేం మనిషని ఆయనకు ఆశ్చర్యం. వంతెన మీద బండి నుంచి విసిరేసినట్టు పడి కాలు విరిగింది. తర్వాత తెలిసింది: అంటరానివాన్ని ఎక్కించుకోమని టాంగావాళ్లు అన్నరు. నడిపించుకపోతే ఆయనకు చిన్నతనమని, బండి కిరాయికి తీసుకొని తమల్లో ఒకర్ని తోలమన్నరు. ఎన్నడూ తోలనోడు. ఆలస్యం, చేతగానితనం అనుకున్నది గౌరవం. అంబేడ్కర్‌కే వెంటనే తెలువనిది నాకెట్ల తెలుస్తదని సర్ది చెప్పుకున్న.

అయితే నేను అక్కడ ఆగలేదు. చెవుడు సంగతి తెలిసినంక కవితను పుస్తకంల నుంచి తీసేసిన. ధిక్కారం లేదు పాడు లేదు, ఇనబడలేదంతే అని దోస్తులకు చెప్పిన. సత్యం రాసే మనిషినని లోపల కొంచెం గర్వం గూడ. ఒకనాడు బాపుకు దగ్గర కూసొని గట్టిగ చెప్పిన.

"ఎందుకు తీసినవ్?" అన్నడు.

"నీకు ఇనబడలేదు గద."

"మీ అవ్వది సన్న గొంతు, అందదు. దొర గొంతు డప్పు లెక్కుంటది. మూడోసారి ఇనబడ్డది."

"మరి తిరగలేదేంది?"

బాపు బీడీ ముట్టించుకున్నడు. "తిరిగితే చెప్పులిడిసి నిలబడాలె బిడ్డా. ఎనుక నువ్వున్నవ్."