మీరే చెప్పండి సార్

మా వీధి మొదట్లో కూర్చుని తినడానికి వీలున్న హోటళ్ళు రెండు. సోమవారం ఒకటి మూసేస్తారు కాబట్టి ఆ రోజు నిర్ణయం దానంతటదే అయిపోతుంది. తక్కిన రోజుల్లో ఎక్కడ చట్నీ తాజాగా రుబ్బారో వాసనే చెబుతుంది. తారానగర్‌లో, నారిహళ్ళ ఆనకట్ట పక్కన, సండూరు కొండల నీడలో ఇట్లా నిశ్చింతగా బతుకుతున్న నన్ను పట్టుకుని, దసరాకు బెంగుళూరు నుంచి వచ్చిన మా అక్క కొడుకు అన్నాడు గదా: "మామా, ఎక్కడ తినాలో తేల్చుకోలేనివాళ్ళ కోసం ఒక యాప్ చేస్తున్నాను. నువ్వు కామర్స్ చదివినవాడివి. దీంట్లో డబ్బెట్లా వస్తుందో చెప్పు."

నవ్వొచ్చింది. తినడానికి లేక బాధపడేవాళ్ళను చూశాను. ఎక్కడ తినాలో తెలియక బాధపడేవాళ్ళు కూడా ఉన్నారా అన్నాను. ఉన్నారట. ఏడున్నరకు ఆఫీసు నుంచి నలుగురు స్నేహితులు బయటపడతారు. ఫోను తీస్తే చుట్టుపక్కల వందల హోటళ్ళు. "నీ ఇష్టం" అంటాడొకడు. "నాకేదైనా ఒకటే" అంటాడు మరొకడు. తొమ్మిదింటికి ఆకలితో పాటు కోపం కూడా వచ్చి, కిందటివారం తిని తిట్టుకున్న చోటికే మళ్ళీ వెళతారు. మావాడి యాప్ మూడే ప్రశ్నలు అడుగుతుంది. ఎంతమంది, మనిషికి ఎంత, ఈరోజు ఏది వద్దు. (ఏది కావాలో చెప్పలేనివాడు కూడా ఏది వద్దో చెప్పగలడు. ఇది వాడి తెలివే, ఒప్పుకోవాలి.) తర్వాత ఒకే ఒక హోటలు పేరు చూపిస్తుంది. జాబితా ఉండదు. కాదంటే ఇంకొకటి, అదీ కాదంటే మూడోది. ఆ తర్వాత అడిగినా పలకదు.

చిత్రమేమిటంటే ఈ వ్యవహారం మొదలైంది దీనికి సరిగ్గా ఎదురు కష్టంతో. 2008లో ఢిల్లీలో దీపిందర్ గోయల్, పంకజ్ చడ్డా అనే ఇద్దరు ఉద్యోగులు, భోజనాల వేళ మెనూ కార్డుల కోసం తోటివాళ్ళు పడే తిప్పలు చూసి, ఆ కార్డులను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. అదే పెరిగి జొమాటో అయింది. 2014లో బెంగుళూరులో స్విగ్గీ వచ్చింది. దాన్ని పెట్టినవాళ్ళలో మాజేటి శ్రీహర్ష మన తెలుగువాడే. అంటే ఆరోజు కష్టం సమాచారం లేకపోవడం. ఈరోజు కష్టం అది మరీ ఎక్కువ కావడం. ఒక మందు వికటిస్తే దానికి ఇంకో మందు అన్నమాట.

మావాడు ఊరికే రాలేదు, చదువుకునే వచ్చాడు. అమెరికాలో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనేవారు 2000లో ప్రచురించిన ప్రయోగం చెప్పాడు. ఒక దుకాణంలో 24 రకాల జామ్ సీసాలు పెడితే ఆగి రుచి చూసినవాళ్ళలో నూటికి ముగ్గురే కొన్నారు. 6 రకాలే పెడితే నూటికి ముప్ఫైమంది కొన్నారు. బాగుంది. కానీ 2010లో మరి ముగ్గురు ఇలాంటి ప్రయోగాలు 50 పోగుచేసి సగటు తీస్తే ఫలితం దాదాపు సున్నా వచ్చిందని కూడా వాడే చెప్పాడు. కొన్నిచోట్ల ఎక్కువ రకాలు మనిషిని చెరిపాయి, కొన్నిచోట్ల మేలు చేశాయి. కాబట్టి తేల్చుకోలేకపోవడానికి సరుకు ఎక్కువ కావడమే కారణం అనలేం. మరేమిటి?

నేను పదోన్నతి పరీక్షల కోసం చదివిన మేనేజ్‌మెంటు పాఠాల్లో హెర్బర్ట్ సైమన్ పేరుండేది. 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినాయన. మనిషి అన్నిటికన్నా మంచిదాన్ని వెతకడు, వెతకలేడు కూడా, తనకు చాలినంత మంచిది కనబడగానే ఆగిపోతాడు అన్నాడు. మన భాషలో చెప్పాలంటే "ఇది చాల్లే" అనగలగడమే తెలివి. అయితే ఆ మాట అనాలంటే తనకెంత చాలునో తనకు తెలిసుండాలి. అది తెలియనివాడు, లేక తప్పయితే నింద తన మీద పడకూడదనుకునేవాడు, పక్కవాడి వంక చూస్తాడు. "మీరే చెప్పండి" అంటాడు.

ఈ మాట నేను బ్యాంకులో ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. మావాడు యాప్ సంగతి చెబుతుంటే నాకు గుర్తొచ్చింది హోటళ్ళు కాదు, ఒక ముసలామె. 2009. నేనప్పుడు వేరే ఊళ్ళో పనిచేస్తున్నాను. భర్త పోయిన తర్వాత వచ్చిన రెండు లక్షలు ఆమె డిపాజిట్టు చేసింది. గడువు తీరిన రోజున కాగితం నా ముందు పెట్టి, "ఎక్కడ పెట్టమంటారో మీరే చెప్పండి సార్" అంది. మళ్ళీ డిపాజిట్టే వేయండమ్మా అనడానికి అర నిమిషం చాలు. కానీ అది మార్చి నెల. ఇన్సూరెన్సు పాలసీల లక్ష్యం ఇంకా మిగిలివుంది. ఏటేటా కట్టాల్సిన యూనిట్ లింక్డ్ పాలసీ మీద ఆమెచేత వేలిముద్ర వేయించాను. చట్టప్రకారం ఏ తప్పూ లేదు. అన్నీ చదివి వినిపించాననే కాగితం మీద కూడా ఆమె వేలిముద్ర ఉంది. రెండో ఏడు ఆమె కట్టలేకపోయింది. పోగా చేతికొచ్చింది చెప్పుకోవడానికి నాకు సిగ్గు. 2010 సెప్టెంబరు నుంచి ఆ రకం పాలసీల కోతలకు నియంత్రణ సంస్థ హద్దులు పెట్టింది గానీ, ఆమెకు ఆలస్యమైపోయింది. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీరు మంచికే చెప్పుంటారు సార్, నా రాత" అంది.

అందుకే డబ్బెట్లా వస్తుంది అన్న ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జవాబు తెలియక కాదు. "నువ్వే చెప్పు" అనేవాడు ఎప్పుడూ రుసుము ఇవ్వడు. ఇచ్చేది అవతలివాడు, హోటలువాడు. జాబితా చూపిస్తే పైన ఎవరున్నారు, కింద ఎవరున్నారు అని తినేవాడు కనీసం అనుమానించగలడు. 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ జొమాటో, స్విగ్గీల మీద దర్యాప్తుకు ఆదేశించింది కూడా, కొన్ని హోటళ్ళకు ప్రాధాన్యం ఇస్తున్నారనే ఫిర్యాదు మీదే. ఒకే ఒక పేరు చూపించేచోట ఆ అనుమానానికి కూడా తావులేదు. నమ్మకం పూర్తి, కాబట్టి మోసం కూడా పూర్తి కావచ్చు. మన ఊళ్ళలో దేవుడి ముందు చీటీలు వేస్తారు. చీటీకి ఎవరి దగ్గరా కమిషన్ లేదు. "నీ యాప్ కళ్ళుమూసుకుని చీటీ అయినా తీయాలి, లేదా తినేవాడి దగ్గరే పది రూపాయలైనా తీసుకోవాలి. మధ్యలో ఏది చేసినా అది నేను ఆ ముసలామెకు చేసిందే" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మామా, తప్పని తెలిసి కూడా నువ్వు చేశావు. యంత్రం నేను రాసిన నియమం దాటదు. మరి ఎవరిని నమ్మాలి?" దీనికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. నియమం రాసేవాడికి కూడా మార్చి నెల వస్తుంది అని మాత్రం అన్నాను.

ఒకరు మన తరఫున నిర్ణయించడం ఎప్పుడూ అన్యాయమేనా అంటే అదీ కాదు. ఖానావళిలో మెనూ ఉండదు. జొన్నరొట్టె, ఎణ్ణెగాయి, శనగకాయల చట్నీ, పెరుగు. ఇంకో రొట్టె వేయనా అన్నదొక్కటే ప్రశ్న. అక్కడ తిన్నంత హాయిగా నేను ఎక్కడా తినలేదు. వండినవాడు అదే తింటాడు, అందుకేమో. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయి, బళ్ళారి తాలూకా ఎటన్నది మిశ్రా కమిషన్ తేల్చవలసి వచ్చినప్పుడు, రెండు భాషలవాళ్ళూ కొట్టుకుచచ్చారు. తేలిన రోజున మా తాత "ఎవరో ఒకరు తేల్చారు, ఇక నిద్రపడుతుంది" అన్నాడట. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడంతో ఆయన సుఖంగానే బతికాడు. ఇట్లాంటి మాటలు ఈ పత్రిక పాఠకులకు నేను విడమర్చి చెప్పక్కరలేదు.

ఆ అయ్యంగారే ఇంకో ప్రయోగం కూడా చేసిందట, 1999లో ప్రచురించారు. అమెరికాలోని ఆసియా కుటుంబాల పిల్లలు, తల్లి ఎంచి ఇచ్చిందన్న పనిని తాము ఎంచుకున్నదానికన్నా ఇష్టంగా చేశారు. తెల్లవాళ్ళ పిల్లలు తాము ఎంచుకున్నదే ఇష్టంగా చేశారు. ఇది వినగానే నాకు మా ఇంటి సంగతి సమర్థించుకోవాలనిపించింది. హోటలుకు వెళితే మా ఆవిడ కార్డు తెరవదు. "మీకేది ఇష్టమో అదే నాకూ" అంటుంది. ఇరవైతొమ్మిదేళ్ళుగా నేనే చెబుతున్నాను, ఇద్దరికీ మసాలా దోసె. అది అనురాగం అనుకున్నాను.

పండగ మర్నాడు మావాడు మమ్మల్ని బళ్ళారి తీసుకెళ్ళి యాప్ పరీక్షించాడు. ఫోను నా చేతికివ్వలేదు, వాళ్ళ అత్త చేతికిచ్చాడు. ఎంతమంది అన్నదానికి నొక్కింది. ఎంత అన్నదానికి నా వంక చూసి నొక్కింది. ఈరోజు ఏది వద్దు అన్నచోట ఆగిపోయింది. మేము కారులో కూర్చుని ఎదురుచూస్తున్నాం. చాలాసేపటికి "మసాలా దోసె" అని నొక్కింది.

నేను కిటికీలోంచి కోట వైపు చూశాను.

యాప్ ఏదో ఏసీ హోటలు చూపించింది. వద్దంది. ఇంకొకటి చూపించింది. అదీ వద్దంది. మూడోదీ వద్దన్నాక యాప్ మూతపడింది. "అత్తా, మరి నీకేం కావాలి?" అన్నాడు వాడు, కొంచెం విసుగ్గానే.

"ఉగ్గాని" అంది. "మిరపకాయ బజ్జీతో. కానీ నేను చేసింది కాదు, ఇంకెవరైనా చేసింది."

కౌల్ బజారు వైపు ఒక తోపుడుబండి దగ్గర నిలబడి తిన్నాం. అక్కడ దాన్ని మండక్కి ఒగ్గరణె అన్నారు. వాడు బండివాడి పేరు, ఎన్నింటికి తెరుస్తాడు అన్నీ అడిగి రాసుకుంటుంటే, ఆమె ఇంకో ప్లేటు చెప్పింది.