గట్టుకు అవతల

ధవళేశ్వరం నుంచి జొన్నాడ, కపిలేశ్వరపురం, కోటిపల్లి మీదుగా గౌతమీ పాయ వెంబడి సాగే బాట చాలామేర ఏటిగట్టు మీదనే నడుస్తుంది. ఇవతల కాలువ నీటి వరిచేలు, కొబ్బరితోటలు, ఊళ్లు; అవతల లంకలు. బస్సులో పోయేవానికి ఇది దారి మాత్రమే. నాకు ఇది ఒక నైతిక ప్రశ్నగా తోస్తుంది: ఒకరి క్షేమం కోసం కట్టిన గట్టు మరొకరి ప్రమాదాన్ని పెంచేటట్లయితే, ఆ క్షేమం న్యాయమైనదేనా?

1847-52 మధ్య ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను డెల్టా రైతాంగం నేటికీ స్మరిస్తున్నది. ఆ కృతజ్ఞత సహజం. అయితే గట్టు వరదను మాయం చేయదు. చేలమీద పరచుకోవలసిన నీటిని రెండు గట్ల నడుమ బిగించి నిలుపుతుంది. అక్కడ మట్టం ఆ మేరకు పెరుగుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. ఆ వరద మట్టాన్నే కొలతగా తీసుకొని తరువాత గట్లను పెంచే పనులు సాగాయి. 2022 జూలైలో 25 లక్షలకు పైగా వచ్చినప్పుడు ఇవతలి ఊళ్లు చాలావరకు నిలిచాయి; అవతలి లంకలు మునిగాయి.

"లంకలోకి పొమ్మని ఎవరన్నారు? వరదే కదా వారికి ఒండ్రు తెచ్చేది?" అనేవారున్నారు. ఒండ్రు మాట నిజమే. అక్కడి అరటి, కూరగాయలు, పొగాకు దాని చలవే. లంకల్లో ఆసాములూ లేకపోలేదు. వారికి ఇవతల మేడ కూడా ఉంటుంది. కౌలుదారుకు, కూలికి ఉన్నది అక్కడి పాక ఒక్కటే. గట్టుకివతల సెంటు భూమి లేనివాడు లంకను "ఎన్నుకొన్నాడు" అనడం, తిండిలేనివాడు ఉపవాసవ్రతం పట్టాడనడం వంటిది.

వరద రోజుల్లో పశువులు, పిల్లలు, వంటపొయ్యిలు ఈ బాట మీదకే చేరుతాయి. మనం పులిహోర పొట్లాలు పంచి దయ చూపామనుకొంటాం. పాఠకులు ఆలోచించవలసింది ఇక్కడే. దయ ఇచ్చేవాని ఇష్టం. బాకీ పుచ్చుకొనేవాని హక్కు. గట్టువల్ల లాభపడిన మేరకు మనం లంకలకు బాకీపడి ఉన్నాం. ఎత్తయిన ఆశ్రయాలు, పడవలు, పశుగ్రాసం వరదకు ముందే సిద్ధం కావాలి. పంట నష్టపరిహారం పట్టాదారుకు కాక, సాగుచేసినవానికి ముట్టాలి. ఇవి ఆ బాకీలో తొలి వాయిదాలు. గట్టుకు మట్టి లెక్క వేసే అంచనాలోనే ఈ ఖర్చునూ చేర్చిననాడు అది అందరి గట్టు అవుతుంది. అంతవరకూ అది సగంమంది గట్టే.